తలుపు పక్క సిస్టమ్ మీద ఆడిన ఆటలు

డిసెంబరు రాగానే మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలందరికీ ఒకటే పని. ఈ ఏడాది వీడియో గేముల్లో ఏది గొప్పదో ఫోన్లలో జాబితాలు పెడతారు. ఒకరి జాబితా కింద ఇంకొకరు చేరి కొట్లాడతారు. మధ్యాహ్నం డబ్బాలు తెరిచినా అదే గోల. మొన్న పక్క నుంచి తొంగి చూస్తుంటే ఒకడు నవ్వుతూ, "మీకు గివేం సమజైతయ్ మేడం" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. వీళ్లు బడికి పోయే రోజుల్లోనే ఏడాది ఆటలకు పరీక్ష పెట్టి, ఓఎంఆర్ షీట్ల మీద బబుల్స్ దిద్ది, ఫలితాలు ప్రకటించిన మనిషిని నేను. అయినా నోరు మూసుకుని పెరుగన్నం తిన్నాను. ఆ సంగతి చెప్పాలంటే అక్క సంగతి చెప్పాలి. డబ్బా ముందు పెట్టుకుని చెప్పే సంగతి కాదది.

అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు. 2009లో నేను సూర్యాపేట దిక్కు నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్‌లో చేరినప్పుడు నా పక్క మంచం ఆమెది. సొంతూరు జనగామ దగ్గరి పల్లె. నాకంటే నాలుగేళ్లు పెద్ద. గదిలో మంచాలు ఆరు, కిటికీ ఒకటి, ఆ కిటికీ ఆమె వైపు. నేను ట్రంకు పెట్టె దించగానే, "జర ఆగు, ఆ మూలకు పెట్టకు, గోడ చెమ్మగున్నది, బుక్కులు ఖరాబైతయ్" అంది. అదే మా పరిచయం. అప్పటికే రెండేళ్లుగా అక్కడ ఉండి చదువుతోంది. ఒకసారి సర్కారు ఉద్యోగం పరీక్ష రాసి కొద్దిలో తప్పింది. ఇంట్లో పెద్ద ఆమె అన్న. ఆయన చెప్పిన మాట ఒక్కటే: వచ్చే నోటిఫికేషన్ వరకు చూస్తా, అందులో రాకపోతే ఇంటికి వచ్చేయాలి. ఇంటికి రావడమంటే ఏమిటో హాస్టల్లో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ విడమరిచి అడగలేదు. ఇంకొక్క పరీక్ష, అందులో ఉద్యోగం. లేకపోతే అక్కకు ఈ ఊరితో పని అయిపోయినట్టే.

ఇంత ఒత్తిడి మీద ఉన్న మనిషికి ఆటలేమిటి అని మా అమ్మ ఫోన్లో అడిగేది. ఆటలు లేకపోతే మేము ఆ గదిలో పిచ్చెక్కి కిటికీ చువ్వలు కొరికేవాళ్లం అని నేననేదాన్ని.

మొదటి ఏడాది మా ఆట అక్క ఫోన్లో ఉన్న పాము. చిన్న తెర, అరిగిపోయి అంకెలు కనబడని మీటలు. చుక్కను తిన్నకొద్దీ పాము పొడుగవుతుంది, గోడకు తగిలితే చస్తుంది. దానికి అక్క ఒక పద్ధతి పెట్టింది. ఒకరు పామును ఆడిస్తుంటే రెండోవాళ్లు పాలిటీ నోట్సు పైకి చదవాలి. పాము చచ్చిన మరుక్షణం, ఎంతవరకు చదివారో అందులోంచి ఒక ప్రశ్న. జవాబు చెబితే మళ్లీ ఆట, చెప్పకపోతే ఫోను చేతులు మారుతుంది. రాజ్యాంగంలో సగం అధికరణాలు నేను అట్లా పామును ఆడిస్తూ నేర్చుకున్నాను. ఈనాటికీ ఎవరైనా ప్రాథమిక హక్కులు అంటే నాకు ముందు ఆ పాము తోక కనబడుతుంది.

ఆ ఏడాది చివరి రోజు సాయంత్రం హాస్టల్లో ఆడపిల్లలందరూ బెలూన్లు ఊదుతున్నారు. కోచింగ్ సెంటర్‌లో ప్రతి ఆదివారం టెస్టు పెట్టేవాళ్లు, మిగిలిన ఓఎంఆర్ షీట్లు ఎవరికి కావాలంటే వాళ్లకు ఇచ్చేవాళ్లు. అక్క మంచం కింద అవి ఒక కట్ట పేరుకున్నాయి. "ఊకె పారేసుడెందుకు? ఈ ఏడు మనం ఆడిన ఆటలకు పరీక్ష పెడదాం" అంది. నేను టీ తెచ్చేసరికి తెల్లకాగితం మీద ప్రశ్నపత్రం తయారు. అచ్చం అసలు పేపరు భాషే. "క్రింది వాక్యములను పరిశీలించుము. ఒకటి: పాము గోడకు తగులుట ఆడువారి తప్పు. రెండు: అది ఫోను మీటల తప్పు. పై వానిలో సరైనది ఏది?" ఇట్లాంటివి పది. ఆ ఏడాది ఆడిన ఆటల్లో ఉత్తమమైనది ఏది అన్నది ఆఖరి ప్రశ్న. ఆమెది ఎ సిరీస్, నాది బి సిరీస్. అవే ప్రశ్నలు, వరుస మాత్రం వేరు. ఇద్దరం వీపులు ఆనించి కూర్చుని దిద్దాలి. ఇద్దరి జవాబులూ ఎక్కడ కలిస్తే అక్కడ మార్కు.

పది నిమిషాల్లో దిద్దేసి గొప్పగా నా షీటు ఇచ్చాను. అక్క పైభాగం మాత్రం చూసింది, జవాబులవైపు కన్ను కూడా తిప్పలేదు. పెన్నుతో అడ్డంగా గీత కొట్టింది.

"చెల్లదు."

"ఎందుకు చెల్లదు?"

"సిరీస్ బబుల్ దిద్దలే."

నేను ఎగిరిపడ్డాను. "రాసేదే ఇద్దరం! ఇది నా పేపరని నీకు తెల్వదా అక్కా?"

"నాకు తెలుస్తది, నీకు తెలుస్తది. మిషన్‌కు తెల్వది."

మళ్లీ కొత్త షీటు ఇచ్చి మొత్తం దిద్దించింది. ఏడుపొచ్చింది నాకు, నిజంగా. జవాబుల్లో ఎన్ని తెలివితేటలు చూపినా ఆ ఒక్క గుండ్రం నింపకపోతే యంత్రం మన షీటును పక్కకు తోసేస్తుందని అందరికీ చెబుతూనే ఉంటారు. కానీ నా తలకు ఎక్కింది ఆ రోజే. ఆ తర్వాత ప్రతి ఆదివారం టెస్టుకు ముందు, నేను పెన్ను మూత తీసేలోపే అక్క పక్క బెంచీలోంచి గొణిగేది, "మొదలు సిరీస్." నేను "అయిపాయె అక్కా" అనేదాన్ని.

2010లో నారాయణగూడలో ఒక నెట్ సెంటర్ దొరికింది. దొరికింది అంటే, అప్లికేషన్ ప్రింటుకు పోయి చూశాం. మెట్లెక్కి పైకి పోతే ప్లైవుడ్ అరలు, ఒక్కో అరలో ఒక సిస్టమ్, ప్రతి అరలోనూ మగపిల్లలు తుపాకులు పేలుస్తూ అరుపులు. నేను వెనక్కి తిరిగాను. అక్క నా చున్నీ పట్టి ఆపింది. కౌంటర్‌లో ఉన్న పెద్దాయనను అందరూ చాచా అనేవాళ్లు. ఆయన మమ్మల్ని చూసి, తలుపు పక్కన ఉన్న అరలోంచి ఒకణ్ని లేపి, "ఇక్కడ కూసోండి బేటా, గాలి వస్తది, ఎవడన్న పరేషాన్ చేస్తే నాకు చెప్పుండ్రి" అన్నాడు. ఆ రోజు నుంచి తలుపు పక్క సిస్టమ్ మాది. ఆదివారం పొద్దున టెస్టు, ఆ తర్వాత చిక్కడపల్లి లైబ్రరీ ఆవరణలో చెట్టు కింద టిఫిన్ డబ్బా, అటునుంచి నారాయణగూడకు నడక, అక్కడ ఒక గంట. వారమంతా ఆ గంట కోసమే చదివినట్టుండేది.

ఆ ఏడాది ఆట కార్లది. పెద్ద ఊరు, సముద్రం పక్కన రోడ్డు, పందెం. అక్క జీవితంలో సైకిలు కూడా తొక్కలేదు. ఆమెకు పందెం అక్కర్లేదు. "రేస్ వద్దు, రోడ్డు చూద్దాం" అనేది. మిగతా కార్లు రయ్యిమని పోతుంటే మా కారు సముద్రం పక్కన ఎడ్లబండిలా పోయేది. అంతకంటే ఘోరం, ఎర్ర దీపం పడితే ఆగేది! వెనక వచ్చే కార్లన్నీ మమ్మల్ని గుద్దుకుని పోయేవి, ఆమె మాత్రం పచ్చ దీపం కోసం చూస్తూ కూర్చునేది. పక్క అరలో పిల్లలు అరలోంచి లేచి వచ్చి మరీ చూసి నవ్విపోయేవాళ్లు. "అక్కా, ఇది ఆట, సిగ్నల్ ఎవడూ చూడడు" అంటే, "రేపు ఆఫీసర్ అయినంక నాకే అలవాటు తప్పుతది" అనేది. నేను కీబోర్డు లాక్కునేదాన్ని. ఆమె నా వేళ్ల మీద కొట్టేది.

ఆ రోజుల్లోనే హాస్టల్లో కొందరికి కంప్యూటర్లో వ్యవసాయం చేసే ఆట పట్టుకుంది. విత్తనాలు వేసి, వేళకు వచ్చి కోయకపోతే పంట ఎండిపోతుంది. అక్క ఒకసారి చూసి, "మా ఇంటి కాడ ఎకరం కలుపు తీసి తీసి నడుములు పోయినయ్. ఈడగూడ తీయాల్నా?" అని లేచి వచ్చింది. 2010 పరీక్షలో ఆ ఆటకు ఇద్దరమూ సున్నా వేశాం. కార్ల ఆటకు మొదటి స్థానం. ఉత్తమ ఆటగత్తె ఎవరు అన్న ప్రశ్నకు మాత్రం ఎవరికి వాళ్లమే దిద్దుకున్నాం, మార్కు రాలేదు.

2011 మొత్తం ఊరు ఉడికిపోయిన ఏడాది. బంద్‌లు, ర్యాలీలు, మూసిన షట్టర్లు. కోచింగ్ సెంటర్ నెలలో సగం రోజులు తెరిచేవాళ్లు కాదు. హాస్టల్ మెస్‌లో పప్పు, చారు, మళ్లీ పప్పు. నోటిఫికేషన్ ఇవాళ వస్తది, రేపు వస్తది అని రోజూ ఒక పుకారు. అక్క అన్న ఫోన్ చేసినప్పుడల్లా "ఇంక పడలేదన్నా" అనేది. పడకపోతే గడువు కూడా పడదు కదా. ఆయన పెట్టిన షరతే ఆమెను కాపాడుతూ వచ్చింది.

ఇక్కడ నేనొక మాట ఒప్పుకోవాలి. హాస్టల్లో అందరూ నోటిఫికేషన్ రావాలని దేవుళ్లకు మొక్కుతుంటే, నేను రావద్దని మొక్కేదాన్ని. చిక్కడపల్లి గుడికి అందరితో పాటు పోయి, అందరితో పాటు కళ్లు మూసుకుని, ఇంకొక్క ఏడాది ఆగనీ స్వామీ అనుకునేదాన్ని. ఇరవై రెండేళ్ల దాన్ని, ఉద్యోగం లేదు, చేతిలో డిగ్రీ ఒకటే, అయినా నాకు ఆ గది, ఆ కిటికీ, ఆదివారపు ఆ గంట చాలనిపించేది. అంత సుఖంగా మళ్లీ ఎప్పుడూ లేను.

ఆ ఏడాది చాచా నెట్ సెంటర్ షట్టర్ సగం దించి నడిపేవాడు. వంగి లోపలికి పోయేవాళ్లం. అప్పుడు దొరికిన ఆటే మా ఆటల్లో ఆట. ఒక్క కీబోర్డు మీద ఇద్దరు ఆడాలి. తెర మీద ఇద్దరు చిన్న మనుషులు. ఎర్రమనిషి నిప్పులోంచి నడుస్తాడు, నీళ్లు తాకితే పోతాడు. నీలం పిల్ల నీళ్లలోంచి నడుస్తుంది, నిప్పు తాకితే పోతుంది. ఒకరు మీట మీద నిలబడితే ఇంకొకరికి దారి తెరుచుకుంటుంది. చివర రెండు తలుపులు. ఇద్దరూ తమ తమ తలుపుల ముందు నిలబడితేనే లెవెల్ అయిపోతుంది. ఒక్కరు ఎంత తొందరగా చేరినా లాభం లేదు.

నేను ఎర్రమనిషిని, కుడివైపు బాణం మీటలు నావి. అక్క నీలం పిల్ల, ఎడమవైపు అక్షరాలు ఆమెవి. నాకు ఓపిక తక్కువ. ఉరికిపోయి నా తలుపు ముందు నిలబడి, "రా అక్కా, రా, ఏం జేస్తున్నవ్ ఆడ" అని కేకలు వేసేదాన్ని. ఆమె ఒక్కో మెట్టూ చూసుకుని, దారిలో వజ్రాలన్నీ ఏరుకుని నింపాదిగా వచ్చేది. "నువ్వు ఆడనే ఉండు, నేనొస్త" అనేది. ఎప్పుడూ వచ్చేది కూడా. ఆ డిసెంబరు పరీక్షలో ఉత్తమ ఆట ఏది అన్న ప్రశ్న వృథా అయింది, ఇద్దరికీ ముందే తెలుసు.

2012లో నోటిఫికేషన్ పడింది. నా మొక్కులు ఎవరూ వినలేదు.

హాస్టల్ రంగు మారిపోయింది. పొద్దున నాలుగింటికే అలారాలు. అక్క గోడ మీద కాలెండర్‌లో ఒక్కో రోజూ కొట్టేస్తూ వచ్చింది. కోఠిలో పాత పుస్తకాల దుకాణాలకు పోయి పాత ప్రశ్నపత్రాలు తెచ్చింది, నాకొకటి తనకొకటి. ఆదివారం గంట అరగంట అయింది, తర్వాత నెలకొకసారి అయింది. ఆమె ఈసారి కొట్టేస్తుందని నాకేం అనుమానం లేదు. మాక్ టెస్టుల్లో మా సెంటర్‌లో ఆమెకు ఎప్పుడూ మొదటి ఐదులోపు ర్యాంకే. నేను ముప్పై, నలభై దగ్గర తేలేదాన్ని.

పరీక్షకు ముందురోజు మధ్యాహ్నం హాల్ టికెట్లు ప్రింట్ తీసుకోవడానికి చాచా దగ్గరికి పోయాం. ఇద్దరి సెంటరూ నారాయణగూడలోనే ఒకే కాలేజీ, గదులు వేరు. ప్రింట్లు చేతికొచ్చాయి. అక్క తనది మడవకుండా ప్యాడ్‌కు క్లిప్పు పెట్టింది. తలుపు పక్క సిస్టమ్ ఖాళీగా ఉంది. నేనే అన్నాను, "ఒక్క లెవెల్ అక్కా, మనసు నిమ్మలమైతది." ఒకటి ఆడాం. ఆమె లేచింది. "ఇంకొక్క లెవెల్" అన్నాను. కూర్చుంది. ఆ లెవెల్ చాలా కష్టమైంది, మూడుసార్లు చచ్చాం, నాలుగోసారి ఇద్దరం తలుపులు చేరాం. నేను చప్పట్లు కొట్టి, బ్యాగు తగిలించుకుని, ఎగురుకుంటూ మెట్లు దిగాను.

మర్నాడు పొద్దున కాలేజీ గేటు ముందు లైన్లో నిలబడి బ్యాగు తెరిస్తే హాల్ టికెట్ లేదు. బ్యాగంతా రోడ్డు మీద కుమ్మరించాను. పెన్నులు, రబ్బరు బ్యాండు, అమ్మ పంపిన విభూతి పొట్లం. హాల్ టికెట్ లేదు. నిన్న కీబోర్డు పక్కన పెట్టిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. గేటు మూయడానికి ఇంకా ఇరవై ఐదు నిమిషాలుంది. పరీక్ష రోజుల్లో చాచా పొద్దున్నే తెరుస్తాడు, నా వంటి వాళ్ల కోసమే. పోయి రావచ్చు. కానీ నా కాళ్లు కదల్లేదు. అక్కడే కూలబడ్డాను. నేనే పోవాల్సింది. ఆ మాట పదేళ్లకు పైగా రోజూ నాకు నేను చెప్పుకుంటున్నాను.

అక్క తన ప్యాడ్ నా చేతిలో పెట్టింది. "నువ్వు ఆడనే ఉండు, నేనొస్త" అంది. చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని ఉరికింది. ఆదివారం పొద్దు, ఫ్లైఓవర్ కింద ఆటోలు కూడా లేవు. చీర కట్టుకునే మనిషి ఆ రోజు డ్రెస్ వేసుకుంది, అదొక్కటే అదృష్టం. గేటు మూసే వేళకు, కాపలా మనిషి గొలుసు చేతిలోకి తీసుకుంటుండగా వచ్చింది. ముఖం ఎర్రగా కందిపోయింది, మాట రావడం లేదు. కీబోర్డు కింద ఉందట. హాల్ టికెట్ నా చేతిలో పెట్టి, తన ప్యాడ్ లాక్కుని, నన్ను లోపలికి తోసింది. మెట్ల దగ్గర విడిపోతూ ఒక్క మాట మాత్రం ఊపిరి కూడదీసుకుని అనగలిగింది.

"మొదలు సిరీస్."

నేను మొదలు సిరీసే దిద్దాను. పరీక్ష నాకు ఊహించనంత బాగా వచ్చింది. మెట్లు దిగి వస్తూ ఆమెను చూసి గంతులేశాను. ఆమె గోడకు ఆనుకుని ఉంది, నన్ను చూసి నవ్వింది. ఆ సాయంత్రం హాస్టల్లో కోచింగ్ సెంటర్ వాళ్లు ఇచ్చిన జవాబుల కీ పెట్టుకుని ఇద్దరి జవాబులూ సరిచూశాను. ఆమెకు నాకంటే చాలా ఎక్కువ వచ్చాయి. "అక్కా, నువ్వు ఆఫీసర్ అయినట్టే!" అని గది దద్దరిల్లేట్టు అరిచాను. ఎదురుగా కూర్చుని, నేను ఏది అడిగితే అది చెబుతూ, మార్కులన్నీ లెక్కపెట్టనిచ్చింది. మిఠాయి కూడా తెప్పించింది.

ఆ డిసెంబరు చివరి రోజు ఎప్పటిలాగే ఆటల పరీక్ష పెట్టుకున్నాం. కొత్తగా వచ్చిన అమ్మాయి ఫోన్లో ఒక పరుగు ఆట ఉండేది, ఒకడు వెనక్కి చూడకుండా ఉరుకుతూనే ఉంటాడు, ఎక్కడికీ చేరడు. దాని మీద అక్క ఒక ప్రశ్న రాసింది: "ఈ ఆటకు ముగింపు ఎప్పుడు?" జవాబుల్లో ఒకటి, "నోటిఫికేషన్ పడినప్పుడు." పడీ పడీ నవ్వాను. దిద్దడం అయ్యాక ఆమె షీటు తీసుకుని చూశాను. సిరీస్ గుండ్రాలు నాలుగూ తెల్లగా ఉన్నాయి. మూడేళ్లుగా కాచుకుని ఉన్న అవకాశం కదా, వదులుతానా! పెన్ను తీసి అడ్డంగా గీత కొట్టాను. "చెల్లదు! సిరీస్ దిద్దలే! అక్క పేపర్ చెల్లదు!" అని పక్క గదుల వాళ్లను కూడా పిలిచాను.

అక్క నవ్వింది. "చెల్లకపోతే చెల్లకపాయె. జవాబులైతే కరెక్టే గదా" అంది.

ఫలితాలు 2013లో వచ్చాయి. చాచా దగ్గరికే పోయాం, ఆ తలుపు పక్క సిస్టమ్ మీదే చూశాం. నంబర్ల వరుస. అక్క వేలు పెట్టి వెతుకుతోంది, వెతికి నా నంబరు దగ్గర ఆగింది. నన్ను గట్టిగా పట్టుకుంది, ఆమెకే వచ్చినంత సంబురం. పక్క అరల్లో పిల్లలు ఆట ఆపి చూశారు. నేను కన్నీళ్లు తుడుచుకుని, "నీది చూడు అక్కా" అన్నాను.

"లేదులే."

"చూడకుంటనే ఎట్ల చెప్తవ్? జరుగు, నేను చూస్త."

"సిరీస్ దిద్దలే" అంది.

నాకు మొదట అర్థం కాలేదు. ఆటల పరీక్ష సంగతి చెబుతోందనుకున్నాను. తర్వాత అర్థమైంది. డిసెంబరు సాయంత్రం నేను కొట్టిన గీత గుర్తొచ్చింది, నేను కేకలేసి పిలిచిన పక్క గదుల వాళ్లు గుర్తొచ్చారు.

"ఎప్పుడు తెలిసింది?"

"మెట్లు దిగుతుంటనే."

అంటే అన్ని నెలలూ తెలుసు. కీ సరిచూస్తుంటే తెలుసు, మిఠాయి పంచుతుంటే తెలుసు. "నా వల్ల. నా హాల్ టికెట్ కోసం ఉరికి..." అంటుంటే నా నోరు మూసింది. "ఉరికినందుకు గాదు. పేపర్ తెరవంగనే మొదటి ప్రశ్న నాకొచ్చింది. సంబురపడి దాంట్లకు పోయిన" అంది. అది నిజమో, నా కోసం అల్లిన మాటో నాకు ఇప్పటికీ తెలియదు. అల్లడంలో గట్టిదే, ప్రశ్నపత్రాలు అన్నేళ్లు చూశాను కదా.

వాళ్ల అన్న వచ్చి తీసుకుపోయాడు. మంచి మనిషే, ఒక్క మాట కూడా అనలేదు. అది ఇంకా కష్టంగా ఉండింది. పుస్తకాలు కొత్త పిల్లలకు పంచింది. మిగిలిన ఓఎంఆర్ షీట్ల కట్ట నాకిచ్చి, "డిసెంబర్ల దిద్దు" అంది. ఆటో అశోక్‌నగర్ మూల తిరిగేదాకా చెయ్యి ఊపింది. ఆమె మంచం మీద ఆ వారంలోనే ఇంకొకరు చేరారు, కిటికీ మూసేసి పడుకునే మనిషి.

రెండు మూడు సార్లు ఫోన్ చేసింది. ఏదో బడిలో చెబుతున్నానంది. ఉద్యోగం ఎట్లుంది అని అడిగేది. జీతం, కుర్చీ, గుమస్తాల సంగతులు ఆమెకు ఎట్లా చెప్పను? అవన్నీ ఆమెవి అనిపించేది. పనిలో ఉన్నా, మళ్లీ చేస్తా అని పెట్టేసేదాన్ని, చేసేదాన్ని కాదు. కొన్నాళ్లకు ఫోన్లు ఆగిపోయాయి. సిగ్గు విడిచి నేను చేసేసరికి ఆ నంబరు పలకలేదు. జనగామ ఎంత దూరం? పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఉండొచ్చు. పోలేదు. దీనికి నా దగ్గర మంచి కారణమేదీ లేదు. ఆమెను చూడాలని ఉంటుంది, ఆ కిటికీ పక్కన కూర్చుని ఆమె నన్ను తిట్టాలని ఉంటుంది, తీరా బ్యాగు సర్దితే గేటు ముందు కూలబడినట్టే కూలబడతాను.

2014 చివర్లో ఆఫీసు పని మీద హైదరాబాద్ వచ్చాను. పని మధ్యాహ్నానికే అయిపోయింది. కాళ్లు వాటంతటవే చిక్కడపల్లి మీదుగా నారాయణగూడకు పోయాయి. లైబ్రరీ చెట్ల కింద పిల్లలు అట్లాగే డబ్బాలు తెరుచుకుని కూర్చుని ఉన్నారు. చాచా నెట్ సెంటర్‌లో అరలు సగం తీసేశారు, జిరాక్స్ మిషను వచ్చింది. అందరి ఫోన్లలోకి ఆటలు వచ్చేశాయి మరి. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, "చాన రోజులకొచ్చినవ్ బేటా. అక్క రాలేదా?" అన్నాడు.

"వస్తది చాచా" అన్నాను.

తలుపు పక్క సిస్టమ్ ఇంకా ఉంది. కూర్చుని మా ఆట తెరిచాను. ఇద్దరు మనుషులూ మొదట్లో పక్కపక్కనే నిలబడి ఉన్నారు. ఒక్కరే రెండు చేతులతో ఇద్దరినీ ఆడించవచ్చు, చిన్నపిల్లలు కూడా ఆడిస్తారు. నేను ఎర్రమనిషిని నడిపించాను. మొదటి లెవెల్ సులువే, నిప్పు దాటి, మెట్లెక్కి, నా తలుపు ముందు నిలబడ్డాను. నీలం పిల్ల కింద మొదలుపెట్టిన చోటే ఉంది. ఎడమ చెయ్యి ఆమె అక్షరాల దాకా పోయింది, వాటి మీద వేయలేకపోయాను. ఒళ్లో పెట్టుకున్నాను. తెర మూలన గడియారం నడుస్తూనే ఉంది. అట్లాగే చూస్తూ కూర్చున్నాను.

చాచా వచ్చి భుజం దగ్గర నిలబడ్డాడు. "గంట అయింది బేటా. ఇంకో గంట రాయాల్నా?"

వద్దన్నాను. లేచే ముందు కీబోర్డు ఎత్తి కింద చూశాను. ఏమీ లేదు.